మన పెరట్లో క్రిస్మస్ చెట్టు: అది స్ప్రూసేనా?

పిల్లలూ! డిసెంబరు నెల వచ్చిందంటే సూర్యాపేటలో రహదారి పక్కన మొక్కల బండ్లు కనిపిస్తాయి. వాటిలో చాలా మొక్కలు గోదావరి జిల్లాలోని కడియం నర్సరీల నుంచి లారీల్లో వచ్చినవే. బంతి, చామంతి, గులాబీల మధ్య ఒక చిన్న మొక్క వేరుగా నిలబడి ఉంటుంది. నిటారైన కాండం, దాని చుట్టూ గొడుగు ఊచల్లా పరచుకున్న కొమ్మలు, ఒక అంతస్తు మీద మరొక అంతస్తు, పైకి పోయేకొద్దీ సన్నబడే ఆకారం. బండివాణ్ణి అడిగితే "క్రిస్మస్ చెట్టు" అంటాడు. కోదాడలో అడిగినా, మిర్యాలగూడలో అడిగినా అదే జవాబు.

ఒక జనవరిలో మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె బడి వదిలాక నా బల్ల దగ్గరికి వచ్చింది. చేతిలో ఎండిన రెమ్మ ఉంది. పండుగ ముందు తను కూడబెట్టుకున్న డబ్బుతో ఆ మొక్కను కొన్నదట. క్రిస్మస్ చెట్టు అంటే స్ప్రూస్ అనీ, అది మంచు దేశాల చెట్టనీ ఒక పుస్తకంలో చదివిందట. "మన దగ్గర మంచు లేదు కద సార్! అందుకని రోజూ రాత్రి ఫ్రిజ్‌లో ఉన్న ఐస్ ముక్కలన్నీ కుండీలో పోస్తున్న. అయినా కింది కొమ్మలు ఎండిపోతున్నయి. ఐస్ సరిపోతలేదా సార్?" అని అడిగింది.

నాకు నవ్వు రాలేదు. ఆ పిల్ల ఆలోచన సరిగానే సాగింది. చెట్టు స్ప్రూస్ అయితే చలి కావాలి. చలి కావాలంటే ఐస్ పోయాలి. తప్పంతా మొదటి మెట్టులోనే ఉంది. అది స్ప్రూస్ కాదు! రోగం పేరు తప్పయితే మందు కూడా తప్పవుతుంది గదా. మొక్కల విషయంలోనూ అంతే. అందుకే ఈ వ్యాసంలో ముందు గుర్తించడం, ఆ తర్వాత పెంచడం గురించి చెప్పుకుందాం.

స్ప్రూస్ అంటే ఏది?

గింజ కాయలో దాగి ఉండే మొక్కలను ఆవృత బీజాలు అంటారని మీరు చదువుకున్నారు. చింత, వేప, వరి అన్నీ ఈ జాతివే. గింజను దాచే కాయ లేని మొక్కలు వివృత బీజాలు. వీటిలో ఎక్కువ వాటికి గింజలు శంకువు పొలుసుల మీద బయటికే ఉంటాయి. ఇలా శంకువులు కాసే చెట్లను శంకుధారులు అంటారు. పైన్, దేవదారు, ఫర్, స్ప్రూస్ ఈ కుటుంబంలోవే. స్ప్రూస్ ప్రజాతికి శాస్త్రీయ నామం పైసియా. ఇందులో సుమారు 35 జాతులు ఉన్నాయి. అన్నీ భూమధ్యరేఖకు ఉత్తరానే, చల్లని ప్రదేశాల్లోనే సహజంగా పెరుగుతాయి.

స్ప్రూస్‌ను చూడటానికి యూరప్ దాకా పోనక్కరలేదు. మన హిమాలయాల్లోనే ఉంది. కాశ్మీరు, హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ కొండల్లో సుమారు రెండు వేల మీటర్లకు పైన పైసియా స్మితియానా అనే జాతి పెరుగుతుంది. నలభై మీటర్లకు పైగా ఎదుగుతుంది. దాని చిన్న కొమ్మలు జడల్లా కిందికి వేలాడుతాయి. సిక్కిం వైపు పైసియా స్పైన్యులోసా అనే మరొక జాతి ఉంది.

ఈ చెట్టు మనకు తెలియకుండానే మన జీవితంలోకి వచ్చింది. 1903లో రైట్ సోదరులు ఎగిరిన విమానపు చట్రంలో స్ప్రూస్ కర్ర ఉంది. అది తేలికగా ఉంటూనే గట్టిగా ఉంటుంది. వయొలిన్ పైపలకను చేసేదీ ఈ కర్రతోనే. రెండో ప్రపంచ యుద్ధంలో తమకు సాయం చేసినందుకు కృతజ్ఞతగా నార్వేలోని ఆస్లో నగరం 1947 నుంచి ఏటా లండన్‌కు ఒక పెద్ద క్రిస్మస్ చెట్టును పంపుతున్నది. అది నార్వే స్ప్రూస్. స్వీడన్‌లోని ఒక నార్వే స్ప్రూస్ వేరు వయస్సు సుమారు 9,500 ఏళ్లని 2008లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. పైకి కనిపించే మాను వయస్సు కొన్ని వందల ఏళ్లే. ఒక మాను చస్తే అదే వేరు నుంచి మరొకటి లేస్తూ వచ్చిందన్న మాట!

మన ఊళ్లో ఎందుకు పెరగదు?

చిన్న లెక్క వేద్దాం. కొండ మీద వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ సముద్ర మట్టానికి మూడు వందల మీటర్ల లోపే ఉన్నాయి. హిమాలయ స్ప్రూస్ అడవి 2,500 మీటర్ల ఎత్తున ఉందనుకోండి. తేడా సుమారు 2,300 మీటర్లు. 2.3ను 6.5తో గుణిస్తే దాదాపు 15 వస్తుంది. అంటే మన దగ్గర 44 డిగ్రీల ఎండ కాసేనాడు, కేవలం ఎత్తు కారణంగానే అక్కడ 29 డిగ్రీలు ఉంటుంది. ఆ అడవి మనకన్నా బాగా ఉత్తరాన కూడా ఉంది కాబట్టి చలికాలంలో మంచు కప్పేస్తుంది.

వేడి ఎక్కువైతే స్ప్రూస్‌కు ఏమవుతుంది? మొక్క పగలు కిరణజన్య సంయోగక్రియతో ఆహారం తయారు చేసుకుంటుంది. రాత్రింబగళ్లు శ్వాసక్రియతో దానిని ఖర్చు పెడుతుంది. వేడి పెరిగేకొద్దీ శ్వాసక్రియ వేగం పెరుగుతూ పోతుంది. చల్లని దేశపు మొక్కలో ఆహార తయారీ మాత్రం ఒక హద్దు దాటాక పడిపోతుంది. వచ్చేది తక్కువ, పోయేది ఎక్కువ. అలాంటి ఇంటి సంగతి ఏమవుతుందో మీకు తెలుసు. మన వేసవి రాత్రులు కూడా వేడిగానే ఉంటాయి కనుక మొక్కకు రాత్రిపూట కూడా ఊపిరి సలపదు.

రెండో కారణం ఇంకా చిత్రమైనది. స్ప్రూస్ ఆకుమొగ్గలు చలికాలం ముందు నిద్రపోతాయి. కొన్ని వారాలపాటు గట్టి చలి తగిలితేనే వసంతంలో సరిగా మేలుకుంటాయి. ఆ చలి మన దగ్గర లేదు. ఐస్ ముక్కలతో తడిసేది కుండీలోని మట్టి మాత్రమే. మొగ్గలున్న గాలి అలాగే ఉంటుంది.

శంకువు వంటి ఆకారానికీ చలిదేశమే కారణమా అని మీరడగవచ్చు. పైన సన్నగా, కింద వెడల్పుగా ఉన్న చెట్టు మీద పడిన మంచు జారిపోతుంది. కొమ్మలు విరగవు. సన్నని, మందమైన మైనపు పూత గల ఆకులు నీటిని తక్కువగా పోగొట్టుకుంటాయి. నేల గడ్డకట్టినప్పుడు వేళ్లకు నీరందదు గదా, అప్పుడు ఈ పొదుపు పనికివస్తుంది.

మరి కుండీలో ఉన్నది ఎవరు?

ఆ అమ్మాయి కొన్న మొక్క అరకేరియా. ఇదీ శంకుధారే. కాని దీని పుట్టిల్లు మంచు దేశం కాదు, పసిఫిక్ మహాసముద్రపు దీవులు. ఇందులో రెండు జాతులు మన దేశంలో ఎక్కువగా పెంచుతారు. మొదటిది అరకేరియా హెటిరోఫిల్లా. ఇది ఆస్ట్రేలియాకు తూర్పున ఉన్న నార్ఫోక్ దీవిది. 1774లో కెప్టెన్ కుక్ ఆ దీవిని చేరినప్పుడు ఈ ఎత్తైన చెట్లను చూశాడు. రెండోది న్యూ కాలెడోనియా దీవులకు చెందిన అరకేరియా కాలమ్నారిస్. దీనిని కుక్ పైన్ అంటారు. చిన్నప్పుడు ఇవి రెండూ కవలపిల్లల్లా ఉంటాయి. పేరులో పైన్ ఉన్నా ఏదీ నిజమైన పైన్ కాదు.

ఇక్కడ మీరు సంతోషించవలసిన సంగతి ఒకటుంది. గోదావరి లోయలో ప్రాణహిత పరిసరాల్లోని పురాతన శిలల్లో అరకేరియా కుటుంబపు చెట్ల శిలాజాలు దొరికాయి. అవి పది కోట్ల ఏళ్లకు పైబడినవి. అప్పుడు మన దేశం, ఆస్ట్రేలియా, అంటార్కిటికా కలిసి గోండ్వానా అనే మహాఖండంలో భాగాలుగా ఉండేవి. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో మీరు చూసే కోటసారస్ అనే రాకాసిబల్లి అస్థిపంజరమూ ఆ లోయ శిలల్లో దొరికినదే. కాబట్టి స్ప్రూస్ మనకు ఉత్తరాది చుట్టమైతే, అరకేరియా ఎప్పుడో ఊరు విడిచి వెళ్లి తిరిగి వచ్చిన పాత కాపు.

నేను చేసిన పొరపాటు

గుర్తించడంలో మాస్టార్లకూ పొరపాట్లు జరుగుతాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను సరుగుడు చెట్టును చూపించి, "సూదుల్లాంటి ఆకులు, చిన్న శంకువులు, ఇది శంకుధారి" అని పాఠం చెప్పాను. వెనక బల్ల మీది కుర్రవాడు ఒక సూదిని రెండు చేతులా పట్టి లాగాడు. అది టప్పున ఒక కణుపు దగ్గర ఊడి వచ్చింది. "సార్! ఆకుకు కణుపులు ఉంటయా?" అన్నాడు.

ఉండవు! కణుపులుండేది కాండానికే. సరుగుడులో మనం ఆకు అనుకునేది సన్నని పచ్చని కొమ్మ. అసలు ఆకులు ఒక్కొక్క కణుపు చుట్టూ ఆరు నుంచి ఎనిమిది దాకా చిన్న పొలుసులుగా ఉంటాయి. భూతద్దంతో చూస్తే పంటి వరుసలా కనిపిస్తాయి. సరుగుడుకు పువ్వులున్నాయి. శంకువులాగా కనిపించేది చిన్న చిన్న కాయల గుత్తి. అందువల్ల అది ఆవృత బీజం. దానికి స్ప్రూస్‌తో ఉన్న చుట్టరికం కంటే మన చింతచెట్టుతో ఉన్న చుట్టరికమే దగ్గరిది. అంతేకాదు, దాని వేళ్ల బుడిపెల్లో ఉండే ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని స్థాపిస్తుంది. మరునాడు తరగతిలో నా తప్పును ఒప్పుకుని పాఠం మళ్లీ చెప్పాను.

గుర్తించే పద్ధతి

ఇప్పుడు మీరు ఒక భూతద్దం, ఒక నోటుపుస్తకం తీసుకోండి. క్రిస్మస్ చెట్టు అని ఎవరు ఏది చూపించినా ఈ ప్రశ్నలు వరుసగా వేసుకోండి.

1. ఆకు వెడల్పుగా, అంచులు అలలుగా ఉన్నాయా? అయితే అది నరమామిడి. మన ఆఫీసుల ముందు స్తంభంలా నిలబడే చెట్టు ఇదే. దీనిని అందరూ అశోక అంటారు గాని అసలు అశోక వృక్షం వేరు.

2. సూది కణుపుల దగ్గర ఊడి వస్తున్నదా? అయితే సరుగుడు.

3. సూదులు లేకుండా, పొలుసుల్లాంటి ఆకులతో రెమ్మలు విసనకర్రలా బల్లపరుపుగా ఉన్నాయా? అయితే థూజా. కొందరు పిల్లలు నెమలీకతో పాటు పుస్తకాల్లో దాచుకునే రెమ్మ ఇదే. ఇది నిజమైన శంకుధారి.

4. సూదులు రెండు, మూడు లేక ఐదు కలిసి ఒక కట్టగా ఉన్నాయా? అయితే పైన్. అరకు ప్రాంతానికి విహారయాత్ర వెళ్తే అక్కడ నాటి పెంచిన పైన్ తోటల్లో రాలిన సూదులను ఏరి లెక్కపెట్టండి.

5. కాండం చుట్టూ కొమ్మలు ఒకే ఎత్తులో చక్రంలా పుట్టి, అంతస్తులుగా ఉన్నాయా? ఆకులు మెత్తగా, చిన్నవిగా, రెమ్మ కొన వైపు ఒంగి, రెమ్మను తాడులా చుట్టుకున్నాయా? అయితే అరకేరియా.

6. సూదులు విడివిడిగా, గట్టిగా ఉన్నాయా? ఒకదాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించండి. సులభంగా దొర్లితే, దానికి నాలుగు పలకలు ఉంటే, అది స్ప్రూస్. చప్పగా ఉండి దొర్లకపోతే అది ఫర్ కావచ్చు. సూదులు రాలిన రెమ్మను తడిమి చూడండి. స్ప్రూస్ రెమ్మ మీద చిన్న చిన్న మేకుల్లాంటివి మిగిలి గరుకుగా తగులుతుంది. ఫర్ రెమ్మ మీద గుండ్రని మచ్చలు మాత్రమే ఉంటాయి. స్ప్రూస్ శంకువులు కిందికి వేలాడి, పండాక మొత్తంగా రాలుతాయి. ఫర్ శంకువులు కొవ్వొత్తుల్లా నిలబడి, చెట్టు మీదనే పొలుసులు పొలుసులుగా విడిపోతాయి.

మన మూడు ఊళ్లలో మీకు ఆరో ప్రశ్న దాకా పోయే అవసరం రాదు. కాశ్మీరుకో, సిమ్లాకో వెళ్లినప్పుడు పనికివస్తుంది.

అరకేరియాను పెంచడం

ఆ అమ్మాయి మొక్కను తెప్పించి చూశాను. కుండీ అడుగున రంధ్రం మూసుకుపోయింది. కింద పళ్లెం నిండా నీళ్లు. రోజూ ఐస్ కరిగి మట్టి బురదలా తయారైంది. మట్టిలోని ఖాళీల నిండా నీరు చేరితే వేళ్లకు గాలి అందదు. గాలి అందని వేరు కుళ్లుతుంది. వేరు కుళ్లిన మొక్కకు పైన నీరందదు. చిత్రమేమంటే, అప్పుడు మొక్క నీళ్లు లేక ఎండిన దానిలాగే కనిపిస్తుంది! చూసినవాళ్లు జాలిపడి ఇంకొంచెం నీళ్లు పోస్తారు.

మట్టి మార్చాము. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు. మీ ఊరిది నల్లరేగడి నేల అయితే దానిని ఒక్కదాన్నే వాడకండి. అది నీటిని పట్టి వదలదు. కుండీ రంధ్రం మీద పెంకుముక్క బోర్లించండి. నీళ్లు పోసేముందు వేలు మట్టిలోకి గుచ్చి చూడండి. పైన ఒక అంగుళం ఆరితేనే పోయండి.

ఈ మొక్కకు వెలుతురు బాగా కావాలి. కాని మార్చి నుంచి జూన్ దాకా మధ్యాహ్నపు ఎండ నేరుగా తగలకుండా చూడండి. తూర్పు వరండా మంచిది. వారానికి ఒకసారి కుండీని పావువంతు తిప్పుతూ ఉంటే అన్ని వైపులా సమంగా పెరుగుతుంది. ఎండిపోయిన కింది కొమ్మలు మళ్లీ చిగురించవు. అందుకని ఉన్నవాటిని కాపాడుకోవాలి. కుండీ మార్చవలసి వస్తే తొలకరి వానల తర్వాత మార్చండి.

తలకొనను మాత్రం తుంచవద్దు. కారణం చెబుతాను. ఒకప్పుడు మా బడి ఆవరణలోని అరకేరియా కరెంటు తీగను తాకబోతున్నదని దాని తల నరికించాము. పక్కకొమ్మలను వృథా చేయడమెందుకని నేను ఆరు కొమ్మలను నాటాను. ఒకటే బతికింది. అది ఎంతకీ పైకి లేవలేదు! కొమ్మ ఎలా అడ్డంగా ఉండేదో అలాగే నేలకు అడ్డంగా పెరుగుతూ పోయింది. అరకేరియా పక్కకొమ్మ తను పక్కకొమ్మనన్న సంగతి మరచిపోదు. తలకొనను నాటితేనే నిటారు మొక్క వస్తుంది. అటు నరికిన చెట్టుకేమో ఒక తలకు బదులు రెండు తలలు లేచి దాని అందం చెడింది. అందువల్ల నేలలో నాటదలచుకుంటే ముందే ఇంటికీ తీగలకూ దూరంగా చోటు చూసుకోండి. పుట్టింట్లో ఇది యాభై మీటర్లకు పైగా పెరిగే చెట్టు.

విత్తనాలు తెప్పించుకుందామా?

మన ప్రాంతం వారి బంధువులు అనేకులు అమెరికాలో ఉన్నారు. "అయితే మామయ్యను స్ప్రూస్ గింజలు పట్టుకురమ్మంటాను" అని మీలో కొందరు అనుకోవచ్చు. అలా చేయకండి. విదేశాల నుంచి మొక్కలు, విత్తనాలు తేవడానికి 2003 నాటి కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం అనుమతి, తెగుళ్లు లేవనే ధ్రువపత్రం ఉండాలి. ఎందుకింత కట్టుదిట్టం? మీ బడి గోడ పక్కన చూడండి. తెల్లని పూల వయ్యారిభామ కనిపిస్తుంది. 1950ల నాటి విదేశీ గోధుమలతో పాటు అది మన దేశంలోకి వచ్చిందని చెబుతారు. ఇవాళ అది లేని పొలంగట్టు లేదు. తాకితే చాలామందికి దురద, పీలిస్తే కొందరికి ఉబ్బసం. ఒక చిటికెడు గింజల బరువు అంత!

మీకొక పని

కుక్ పైన్‌కు ఒక వింత అలవాటు ఉంది. అది ఒరిగి పెరుగుతుంది. 2017లో శాస్త్రజ్ఞులు ప్రపంచంలో అనేక చోట్ల ఈ చెట్లను కొలిచి ఒక సంగతి వెల్లడించారు. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న చెట్లు దక్షిణానికి, దక్షిణాన ఉన్నవి ఉత్తరానికి ఒరుగుతున్నాయి. అంటే ఎక్కడున్నా భూమధ్యరేఖ వైపే! సగటు ఒరుగుదల సుమారు ఎనిమిదిన్నర డిగ్రీలు. ఎందుకలా అన్నది ఇంకా తేలలేదు. నార్ఫోక్ దీవి చెట్టు మాత్రం నిటారుగా నిలుస్తుంది. కాబట్టి చిన్నప్పుడు పోల్చలేని కవలలను పెద్దయ్యాక ఈ గుర్తుతో విడదీయవచ్చు.

మన మూడు ఊళ్లూ భూమధ్యరేఖకు సుమారు 17 డిగ్రీలు ఉత్తరాన ఉన్నాయి. మీ ఊళ్లో చర్చి ఆవరణలోనో, పాత బంగళా ముందో పెద్ద అరకేరియా ఉందేమో వెతకండి. తాపీమేస్త్రీ గోడ నిటారును చూసుకునే గుండుదారం ఒకటి అడిగి తెచ్చుకోండి. దూరంగా నిలబడి దారాన్ని కంటికెదురుగా పట్టి, చెట్టు కాండంతో పోల్చండి. కోణమానినితో కోణం కొలవండి. దిక్సూచితో ఏ దిక్కుకు ఒరిగిందో రాసుకోండి. ఒకసారి తూర్పు నుంచి, ఒకసారి దక్షిణం నుంచి చూడటం మరవకండి. ఒక వైపు నుంచే చూస్తే మీ వైపుకు ఒరిగిన చెట్టు కూడా నిటారుగా కనిపిస్తుంది. ఒక్క చెట్టుతో ఏమీ చెప్పలేము. గాలికో, పక్కనున్న గోడ నీడకో కూడా ఒరిగి ఉండవచ్చు. మూడు ఊళ్ల పిల్లలూ కలిసి పది చెట్లు కొలిస్తే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

ఇక ఆ అమ్మాయి మొక్క సంగతి. కింది రెండు అంతస్తులు పోయాయి. జూన్ దాకా అది ఉలకలేదు, పలకలేదు. తొలకరి పడ్డ మూడు వారాలకు తలకొన చుట్టూ లేత పచ్చగా ఐదు చిన్న కొమ్మలు, ఒక కొత్త అంతస్తు, విచ్చుకున్నాయి. ఇప్పుడా పిల్ల కుండీ మీద సున్నంతో ఒక మాట రాసి పెట్టింది: "అరకేరియా. ఐస్ పోయరాదు."